ప్రకటనలో స్వేచ్ఛ, రేవు దగ్గర స్వేచ్ఛ: అమెరికా తిరుగుబాటులో బానిసలకు వచ్చిన హామీల్లో ఏది ఎంత గట్టిది?

1775 నుంచి 1783 దాకా బ్రిటన్‌కూ దాని పదమూడు అమెరికన్ వలసలకూ మధ్య సాగిన యుద్ధంలో, బానిసలకు "మా వైపు వస్తే విడుదల" అన్న మాట ఒక్క చోటి నుంచి రాలేదు. గవర్నరు ఒకడు ఓడ మీద నుంచి ప్రకటించాడు, సర్వసేనాని ఒకడు శిబిరం నుంచి ప్రకటించాడు, తిరుగుబాటు రాష్ట్రాలు చట్టాలు చేశాయి, కొందరు యజమానులు నోటిమాటగా చెప్పారు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి "బ్రిటిష్‌వాళ్లే విడిపించారు" అనో, "వాషింగ్టన్ సైన్యంలోనూ నల్లవాళ్లున్నారు కదా" అనో తేల్చేయడం పరిపాటి. రెండూ సగం నిజాలే.

ఈ హామీలను సరిగ్గా బేరీజు వేయాలంటే పెద్ద మాటలు పక్కనపెట్టి నాలుగు సంగతులు అడగాలి. యజమాని ఏ పక్షం? విడుదల ఏ రోజు నుంచి లెక్క? దాన్ని రుజువు చేసే కాగితం ఎవరి చేతిలో ఉంటుంది? హామీ ఇచ్చిన సైన్యం యుద్ధం ముగిసే నాటికి ఏ ఊళ్లో ఉంటుంది? చివరి ప్రశ్నే అన్నిటికన్నా బరువైనది. పారిపోయి వచ్చే రోజున దానికి జవాబు ఎవరికీ తెలియదు.

డన్‌మోర్ ప్రకటన, 1775

వర్జీనియా గవర్నరు లార్డ్ డన్‌మోర్ అప్పటికే రాజధాని వదిలి ఓడలెక్కాడు. చేతిలో ఉన్న సైనికులు కొద్దిమంది. నార్‌ఫోక్ దగ్గర లంగరేసిన "విలియం" అనే ఓడ మీద నవంబరు 7న ప్రకటన మీద సంతకం పెట్టి, వారం తర్వాత బయటపెట్టాడు. సారాంశం ఇది: తిరుగుబాటుదారులకు చెందినవారై, ఆయుధం పట్టగలిగి, పట్టడానికి ఇష్టపడి రాజు సైన్యంలో చేరే ఒప్పంద కూలీలూ నల్లజాతివారూ ఇక స్వేచ్ఛాపరులు.

"స్వేచ్ఛ" అన్న మాట ఇంత సూటిగా ఇంకే బ్రిటిష్ ప్రకటనలోనూ కనిపించదు. కానీ షరతులు చూడండి. "తిరుగుబాటుదారులకు చెందిన" అన్నాడు కాబట్టి రాజభక్తుల, అంటే వలసల్లో ఉంటూ బ్రిటిష్ రాజు పక్షాన నిలిచినవారి, బానిసలకు ఇది వర్తించదు. డన్‌మోర్ సొంత బానిసలు యాభై మందికి పైనే, వాళ్లకూ వర్తించదు. "ఆయుధం పట్టగల" అన్నాడు కాబట్టి ఆడవాళ్లకూ పిల్లలకూ ముసలివాళ్లకూ ఇచ్చిన మాటేమీ లేదు. అయినా కుటుంబాలతో సహా వచ్చారు. మగవాడు ఒక్కడే పారిపోతే వెనక మిగిలిన భార్యాబిడ్డల మీద యజమాని కసి తీర్చుకుంటాడని వాళ్లకు తెలుసు.

కొన్ని నెలల్లో ఎనిమిది వందల నుంచి వెయ్యి మంది దాకా చేరినట్టు అంచనా. వాళ్లలో మగవాళ్లతో "ఇథియోపియన్ రెజిమెంట్" ఏర్పడింది. డిసెంబరు 9న గ్రేట్ బ్రిడ్జ్ దగ్గర డన్‌మోర్ ఓడిపోయాడు, నార్‌ఫోక్ చేజారింది, అందరూ మళ్లీ ఓడలెక్కారు. అసలు ప్రమాదం అక్కడ మొదలైంది. కిక్కిరిసిన ఓడలు, అరకొర మంచినీళ్లు, పొగాకు తోటల నుంచి రోజూ కొత్తగా వచ్చే జనం. బ్రిటిష్ సిపాయిల్లో చాలామందికి చిన్నప్పుడే మశూచి వచ్చిపోయింది. దూరదూరంగా ఉండే తోటల్లో పెరిగినవారికి అది ఎప్పుడూ సోకలేదు, అందుకే ఒకరి నుంచి ఒకరికి నిప్పులా అంటుకుంది. 1776 వసంతంలో టక్కర్స్ పాయింట్ దగ్గర మశూచి రసిని చర్మంలోకి గుచ్చే పాత పద్ధతి మొదలుపెట్టారు. అది పూర్తయ్యేలోపే జ్వరాలు కూడా తోడయ్యాయి. గ్విన్స్ దీవిలో వందల మందిని పూడ్చిపెట్టారు. ఆగస్టులో డన్‌మోర్ చెసాపీక్ అఖాతం వదిలి వెళ్లేటప్పటికి ఆయన వెంట మిగిలిన నల్లవారు సుమారు మూడు వందలు.

అవతల వర్జీనియా తిరుగుబాటు సభ డిసెంబరు 14న ఎదురు ప్రకటన చేసింది: తిరిగొచ్చి లొంగిపోతే క్షమిస్తాం, లేదంటే చట్టం ప్రకారం చావే. నదుల మీద పడవలకు కాపలా పెట్టారు. పట్టుబడ్డవారిలో కొందరిని వెస్టిండీస్‌కు అమ్మేయాలని నిర్ణయించారు. ఆ రోజుల్లో చక్కెర దీవులకు అమ్ముడుపోవడమంటే చావును వాయిదా వేసుకోవడమే.

కాబట్టి డన్‌మోర్ హామీలో మాట గట్టిది, చోటు బలహీనమైనది. కాలు మోపే నేల లేని సేనాని ఇచ్చిన స్వేచ్ఛ అది. నది ఒడ్డున ఉండి, చేతికి పడవ అందుబాటులో ఉండి, మశూచి ఒకసారి వచ్చిపోయిన యువకుడికి మాత్రమే దీన్ని మంచి అవకాశం అనగలం.

ఫిలిప్స్‌బర్గ్ ప్రకటన, 1779

నాలుగేళ్ల తర్వాత 1779 జూన్ 30న బ్రిటిష్ సర్వసేనాని హెన్రీ క్లింటన్ న్యూయార్క్‌కు ఎగువనున్న ఫిలిప్స్‌బర్గ్ నుంచి ఇంకో ప్రకటన చేశాడు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక వింత కనిపిస్తుంది. ఇందులో "స్వేచ్ఛ" అన్న మాటే లేదు. తిరుగుబాటు పక్షాన్ని వదిలి వచ్చిన ప్రతి నల్లవారికీ బ్రిటిష్ సేనల ఏలుబడిలో ఉన్నచోట తమకు నచ్చిన పని చేసుకోవడానికి "పూర్తి భద్రత" అని ఉంది. తిరుగుబాటుదారుడికి చెంది శరణు కోరిన మనిషిని ఎవరూ అమ్మకూడదు, ఎవరూ తమదని అడగకూడదు.

న్యాయశాస్త్రం ప్రకారం చూస్తే ఇది డన్‌మోర్ మాట కన్నా పలచనిది. ఆచరణలో దీని కింద బయటపడ్డవారు ఎన్నో రెట్లు ఎక్కువ. కారణాలు మూడు. ఆయుధం పట్టాలన్న షరతు లేదు కాబట్టి ఆడవాళ్లూ పిల్లలూ లోపలికి వచ్చారు. ఒక్క వలసకు పరిమితం కాలేదు. అన్నిటికీ మించి, 1776 నుంచి 1783 నవంబరు దాకా న్యూయార్క్ బ్రిటిష్ చేతుల్లోనే ఉంది. అక్కడ బట్టలుతికి, బరువులు మోసి, వడ్రంగం చేసి బతకొచ్చు. క్లింటనే 1776లో పెట్టించిన "బ్లాక్ పయనీర్స్" దళంలో చేరితే రోడ్లు వేయడం, కందకాలు తవ్వడం పని. తుపాకీ ఇవ్వరు గానీ జీతం ఉంటుంది, యుద్ధం ముగిశాక విడుదల చేస్తామన్న మాట ఉంటుంది.

ఈ ప్రకటన మొదటి సగాన్ని చాలామంది వదిలేస్తారు. తిరుగుబాటు సైన్యంలో పనిచేస్తూ పట్టుబడ్డ నల్లవారిని నిర్ణీత ధరకు కొంటామనీ, ఆ డబ్బు పట్టుకున్నవారికి ఇస్తామనీ అందులో ఉంది. అంటే (కింద చెప్పబోయే) రోడ్ ఐలండ్ రాష్ట్ర చట్టం కింద విడుదలై వాషింగ్టన్ సైన్యంలో ఉన్నవాడు బ్రిటిష్‌వారికి చిక్కితే యుద్ధఖైదీ కాడు, సరుకు. ఒక పక్షం ఇచ్చిన కాగితం అవతలి పక్షం దగ్గర చిత్తుకాగితం. బేరీజు వేసేటప్పుడు ఈ ముక్క మరవకూడదు.

దక్షిణాదిలో ఇంకో మెలిక. 1780లో దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ బ్రిటిష్‌వారి చేతికి చిక్కాక తోటల నుంచి వేలాది మంది బ్రిటిష్ దండు వెంట నడిచారు. అక్కడ "తానుగా వచ్చినవారు" వేరు, "తోటతో పాటు దొరికినవారు" వేరు. జప్తు చేసిన తిరుగుబాటుదారుల తోటలను నడపడానికి దక్షిణాదిలోని బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ ఒక అధికారిని నియమించాడు. ఆ తోటల్లోనివారు సైన్యానికి తిండిగింజలు పండిస్తూ బానిసలుగానే ఉన్నారు. ప్రకటన వినబడిందని తోటలోనే కూర్చుని ఎదురుచూసినవాడికి యజమాని మారాడు, అంతే. కంచె దాటి నడిచి వచ్చినవాడికే హామీ.

ఇక 1781 అక్టోబరు, యార్క్‌టౌన్. ముట్టడిలో తిండి కరువై, మశూచి చెలరేగితే, తన వెంట నమ్మి వచ్చిన నల్లవారిని కారన్‌వాలిస్ కోట బయటికి వెళ్లగొట్టించాడు. రెండు సేనల మధ్య అడవిలో పడి చనిపోయినవారిని అమెరికన్, ఫ్రెంచ్ సిపాయిలు చూసి రాసిపెట్టారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. లొంగుబాటు ఒప్పందం నాలుగో షరతు ప్రకారం, కోటలో దొరికిన అమెరికన్ల "ఆస్తి"ని వెనక్కి అడగొచ్చు. వాషింగ్టన్ తోట నుంచి అంతకు కొన్ని నెలల ముందు బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కి వెళ్లిన 17 మందిలో కొందరు ఇలాగే మళ్లీ ఆయన చేతికి చిక్కారు. ఈ కారన్‌వాలిసే తర్వాత మన దగ్గరికి గవర్నర్ జనరల్‌గా వచ్చి బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టినవాడు. 1802లో మన ఉత్తర సర్కారులకూ పాకింది ఆ పద్ధతే.

రోడ్ ఐలండ్ చట్టం, 1778

తిరుగుబాటు పక్షంలో అన్నిటికన్నా నిక్కచ్చి హామీ ఇది. 1775 నవంబరులో నల్లవారిని కొత్తగా చేర్చుకోవద్దని ఆజ్ఞాపించిన వాషింగ్టన్, డన్‌మోర్ ప్రకటన చూసి కొద్ది వారాల్లోనే మెత్తబడి, స్వేచ్ఛాపరులైన నల్ల సైనికులకు తలుపు తెరిచాడు. 1778 నాటికి రోడ్ ఐలండ్‌కు తన వంతు సైనికులను పంపడం కష్టమైంది. న్యూపోర్ట్ బ్రిటిష్ చేతిలో ఉంది, జనాభా చిన్నది. ఫిబ్రవరిలో శాసనసభ చేసిన చట్టం ప్రకారం బానిస ఎవరైనా చేరొచ్చు. కర్నల్ క్రిస్టఫర్ గ్రీన్ ముందు హాజరై తనిఖీలో నెగ్గిన క్షణం నుంచే అతడు స్వేచ్ఛాపరుడు. జీతం, బహుమానం తెల్ల సిపాయితో సమానం. యజమానికి రాష్ట్రం 120 పౌన్ల దాకా పరిహారం ఇస్తుంది. జబ్బు చేసి బతుకుతెరువు పోతే పోషణ రాష్ట్రానిది.

"తనిఖీలో నెగ్గిన క్షణం నుంచే" అన్నది బంగారం లాంటి మాట. మిగతా హామీల్లో చాలా వరకు విడుదల యుద్ధం చివరన ఉంటుంది. యుద్ధం చివర ఎవరు బతికుంటారో, ఎవరు మాట తప్పుతారో ఎవరు చూడొచ్చారు? ఇక్కడ పరిహారం రాష్ట్రమే యజమానికి కట్టింది కాబట్టి, తర్వాత యజమాని వచ్చి పేచీ పెట్టే దారి మూసుకుపోయింది. పైగా వాషింగ్టన్ 1777లోనే సైన్యమంతటికీ మశూచి గుచ్చించే పని మొదలుపెట్టాడు. డన్‌మోర్ దళాన్ని తుడిచిపెట్టిన జబ్బు ఇక్కడ అంత పని చేయలేకపోయింది.

లోపాలు? తలుపు నాలుగు నెలలే తెరిచి ఉంది. ఖర్చు ఎక్కువైందని, యజమానులు గొడవ చేశారని, జూన్ 10తో చేర్పులు ఆపేశారు. మగవాళ్లకే. యుద్ధం సాంతం సేవ చేయాలి. 1781 మేలో న్యూయార్క్ దగ్గర రాజభక్తుల దాడిలో గ్రీన్‌తో పాటు ఆయన నల్ల సిపాయిలు పలువురు చనిపోయారు. మిగిలినవారిని 1783 జూన్‌లో ఇంటికి పంపేశారు, రావలసిన జీతం బాకీ పెట్టి. అయినా వాళ్ల స్వేచ్ఛను ఏ కోర్టూ వెనక్కి తీసుకోలేదు. చట్టబద్ధత ఒక్కటే కొలబద్ద అయితే నా ఓటు దీనికే.

బదులు మనిషిగా వెళ్లడం

యజమానికో అతని కొడుక్కో సైన్యం పిలుపు వస్తుంది. "నా బదులు నువ్వెళ్లు, తిరిగొచ్చాక వదిలేస్తా" అంటాడు. కనెక్టికట్, వర్జీనియాల్లో ఈ బేరం బాగా నడిచింది. అన్ని హామీల్లోకీ ఇదే ప్రమాదకరం, ఎందుకంటే ఉన్నది నోటిమాట, సాక్షి యజమానే. కనెక్టికట్‌లో జాక్ అరబాస్ అనే అతను యజమాని కొడుకు బదులు యుద్ధం చివరిదాకా పనిచేసి వస్తే, యజమాని మళ్లీ తనవాడే అన్నాడు. 1784లో కోర్టు అరబాస్ పక్షాన తీర్పు చెప్పింది. యజమాని సమ్మతితో సైన్యంలో చేరినప్పుడే బంధం తెగిపోయిందన్నది దాని వాదం. వర్జీనియాలో ఇలాంటి మోసాలు ఎక్కువై, 1783లో శాసనసభే చట్టం చేసి బదులు వెళ్లినవారిని విడిపించింది.

ఆ చట్టం ఎంత ఇరుకైనదో జేమ్స్ ఆర్మిస్టెడ్ సంగతి చెబుతుంది. తిరుగుబాటు సైన్యంలోని ఫ్రెంచ్ సేనాని లాఫాయెట్ తరఫున కారన్‌వాలిస్ శిబిరంలో గూఢచారిగా పనిచేసి యార్క్‌టౌన్ విజయానికి అక్కరకొచ్చినవాడు. కానీ అతడు సిపాయి కాదు, బదులు మనిషీ కాదు, కాబట్టి చట్టం వర్తించలేదు. 1784లో లాఫాయెట్ స్వయంగా యోగ్యతాపత్రం రాసిచ్చినా, 1787 జనవరిలో గానీ శాసనసభ అతని కోసం వేరే చట్టం చేసి విడిపించలేదు.

న్యూయార్క్ 1781 చట్టం మధ్యస్థం. యజమాని అనుమతితో చేరి మూడేళ్లు లేదా సేవ ముగిసేదాకా ఉంటే విడుదల, యజమానికి 500 ఎకరాల భూమి హక్కు. మనిషికి స్వేచ్ఛ, మనిషిని వదిలినవాడికి పొలం. అనుమతి అన్న మాట ఉన్నచోట తాళంచెవి యజమాని దగ్గరే ఉందని గుర్తు.

దక్షిణాదిలో తిరుగుబాటు పక్షం నుంచి

ఇక్కడ చెప్పుకోవడానికి హామీ లేదు. 1779 మార్చి 29న కాంగ్రెస్ (తిరుగుబాటు రాష్ట్రాల ఉమ్మడి సభ) దక్షిణ కరోలినా, జార్జియాలకు ఒక సలహా ఇచ్చింది. మూడు వేల మంది బానిసలతో దళాలు కట్టండి, యజమానికి మనిషికి 1,000 డాలర్ల దాకా ఇస్తాం, సిపాయికి జీతం ఉండదు, చివరిదాకా నమ్మకంగా ఉండి ఆయుధం అప్పగిస్తే విడుదల, 50 డాలర్లు. దీన్ని తలకెత్తుకున్న జాన్ లారెన్స్ పదేపదే అడిగినా దక్షిణ కరోలినా ఒప్పుకోలేదు. 1782 ఆగస్టులో ఆయనా చిన్న పోరులో చనిపోయాడు.

ఒప్పుకోకపోవడమే కాదు, అక్కడ ఎదురు దిక్కుగా నడిచింది. 1781లో జనరల్ సమ్టర్ పది నెలలు పనిచేసే సిపాయికి రాజభక్తుల దగ్గర పట్టుకున్న బానిసల్లో ఒకరిని జీతంగా ఇస్తానన్నాడు. వర్జీనియా 1780లో యుద్ధాంతం దాకా ఉండే సిపాయికి 300 ఎకరాలు, దాంతో పాటు ఒక ఆరోగ్యవంతుడైన బానిసనో 60 పౌన్ల నాణేలనో వాగ్దానం చేసింది. స్వేచ్ఛ కోసం చేసే యుద్ధానికి కూలి బానిసల రూపంలో!

కాగితం సంగతి: బిర్చ్ ధ్రువపత్రం

1782 నవంబరు 30న పారిస్‌లో తాత్కాలిక సంధి కుదిరింది. జాన్ లారెన్స్ తండ్రి, అమెరికా తరఫు సంధికర్తల్లో ఒకడైన హెన్రీ లారెన్స్ చివరి నిమిషంలో ఏడో షరతులో ఒక ముక్క చేర్పించాడు: బ్రిటిష్ సేనలు వెళ్లేటప్పుడు "నీగ్రోలను గానీ ఇతర ఆస్తిని గానీ" తీసుకుపోకూడదు. ఈ వార్త న్యూయార్క్ చేరేసరికి అక్కడి నల్లవారికి గుండెల్లో రాయి పడింది. వర్జీనియా, కరోలినాల నుంచి పాత యజమానులు వచ్చి వీధుల్లో మనుషులను పట్టుకోసాగారు. దక్షిణ కరోలినా నుంచి తప్పించుకుని వచ్చిన బోస్టన్ కింగ్ అనే వడ్రంగి ఆ రోజుల్లో తిండీ నిద్రా కరువయ్యాయని తర్వాత రాసుకున్నాడు.

క్లింటన్ తర్వాత బ్రిటిష్ సర్వసేనాని అయిన గై కార్లెటన్ ఒక వాదన పట్టాడు. సంధి కుదిరేనాటికే ప్రకటనల వల్ల వీళ్లు స్వేచ్ఛాపరులు, కాబట్టి "ఆస్తి" కారు, తీసుకెళ్లడం ఉల్లంఘన కాదు. 1783 మే 6న టపాన్‌లో వాషింగ్టన్ ఎదుటే ఆ మాట అన్నాడు. అలా "స్వేచ్ఛ" అన్న మాటే లేని క్లింటన్ ప్రకటన, నాలుగేళ్ల తర్వాత స్వేచ్ఛాపత్రంగా మారింది. అక్షరాన్ని బట్టి కాదు, దాన్ని చివర్లో చదివిన అధికారిని బట్టి.

ఆచరణలో పద్ధతి ఇలా. బ్రిగేడియర్ జనరల్ శామ్యూల్ బిర్చ్ సంతకంతో ధ్రువపత్రం ఇస్తారు. ఫలానా మనిషి మాజీ సర్వసేనానులు హౌ, క్లింటన్‌ల ప్రకటనల మేరకు బ్రిటిష్ శరణు వచ్చారు, నోవా స్కోషియాకో (ఇప్పటి కెనడాలోది) మరెక్కడికో వెళ్లడానికి అనుమతి ఉంది, అని దాని సారం. తిరుగుబాటుదారుడి నుంచి వచ్చి ఉండాలి, సంధి తేదీకి ముందే వచ్చి ఉండాలి. పేచీలుంటే బుధవారాల్లో న్యూయార్క్‌లోని ఫ్రాన్సెస్ టావర్న్ అనే సత్రంలో రెండు పక్షాల అధికారులు కూర్చుని విచారిస్తారు. ఓడ ఎక్కేముందు పేరు, వయసు, ఆనవాళ్లు, పాత యజమాని, వచ్చిన ఏడు, ఓడ పేరు ఒక పెద్ద పద్దులో రాస్తారు. ఆ పద్దులో మూడు వేల పేర్లున్నాయి: మగవారు 1,336, ఆడవారు 914, పిల్లలు 750. మూడోవంతుకు దగ్గరగా ఆడవాళ్లు ఉండటం ఆయుధం షరతు లేని ప్రకటన ఫలితమే.

ఈ పద్ధతి ఎక్కడ బెడిసికొట్టేది? యజమాని రాజభక్తుడని తేలితే కాగితం రాదు. అతను నోవా స్కోషియాకో బహామాస్‌కో వెళ్తుంటే బానిసనూ వెంటేసుకుపోతాడు. 1782 డిసెంబరులో చార్లెస్టన్ ఖాళీ చేసినప్పుడు రాజభక్తులు వేలమందిని అలాగే జమైకాకూ తూర్పు ఫ్లోరిడాకూ తరలించారు. అదే ఓడల వరుసలో ఒకరు స్వేచ్ఛాపరులు, పక్కవారు సామాను.

ఎవరికి ఏది?

న్యూ ఇంగ్లండ్‌లో ఆరోగ్యవంతుడైన యువకుడు, 1778 వసంతం: రోడ్ ఐలండ్ దళం, మరో ఆలోచన అక్కర్లేదు. వెంటనే విడుదల, ఉన్న ఊళ్లోనే. కనెక్టికట్‌లో అయితే బదులు మనిషిగా వెళ్లేముందు విడుదల పత్రం రాయించుకుని పట్టణ దస్త్రంలో ఎక్కించుకోవడం ప్రాణంతో సమానం.

బిడ్డలున్న తల్లికి తిరుగుబాటు పక్షంలో ఏ తలుపూ లేదు. ఆమెకున్నది 1779 ప్రకటన, న్యూయార్క్ నగరం. న్యూజెర్సీ నుంచైతే నడకదూరం. వర్జీనియా నుంచైతే తీరంలో బ్రిటిష్ నౌక కనిపించేదాకా ఆగడం మేలు. దండు వెంట కాలినడకన పోవడం పెనం మీంచి పొయ్యిలో పడటమేనని యార్క్‌టౌన్ చూపించింది.

దక్షిణ కరోలినాలో చార్లెస్టన్ దగ్గరివారికి నగరంలో చేతిపని చూసుకోవడం, వీలు దొరికితే న్యూయార్క్ వెళ్లే ఓడ ఎక్కడం మేలు. బోస్టన్ కింగ్ చేసింది అదే.

రాజభక్తుడి బానిసకు? బ్రిటిష్ హామీ లేదు. తిరుగుబాటుదారులకు దొరికితే జప్తు సరుకు. పాత యజమాని పేరు దాచి న్యూయార్క్ జనంలో కలిసిపోవడం తప్ప దారి లేదు.

ఓడ దిగాక

నోవా స్కోషియాలో బిర్చ్‌టౌన్ చేరినవారికి రాళ్ల నేల, ఆలస్యంగా, కొద్దికొద్దిగా ఇచ్చారు. చాలామందికి అసలు అందలేదు. తక్కువ కూలికి పనిచేస్తున్నారని 1784 జులైలో పక్కనున్న షెల్బర్న్‌లో తెల్ల మాజీ సైనికులు దాడిచేసి వాళ్ల ఇళ్లు కూల్చారు. బ్లాక్ పయనీర్స్‌లో సార్జెంటుగా చేసిన థామస్ పీటర్స్ అర్జీ పట్టుకుని లండన్ దాకా వెళ్లాడు. 1792 జనవరిలో పదిహేను ఓడల్లో దాదాపు 1,200 మంది ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు బయల్దేరారు. ఈసారి హామీ సియెర్రా లియోన్ కంపెనీది: భూమి ఉచితం. అక్కడికెళ్లాక కంపెనీ ఆ భూమికి శిస్తు అడిగింది. 1800లో దానిపై తిరగబడ్డవారిలో హ్యారీ వాషింగ్టన్ ఉన్నాడు. జార్జ్ వాషింగ్టన్ తోట నుంచి 1776లో పారిపోయినవాడు. కంపెనీ అతన్ని విచారించి ఊరి నుంచి వెళ్లగొట్టింది.